రాగి సవితి

అమీర్‌పేట, హైదరాబాదు
15 జూన్ 2003

అత్తకి,

సాష్టాంగ నమస్కారం పెడదామనే అనుకున్నాను. కానీ ఈ గదిలో నిలువునా పడుకుంటే కాళ్ళు బాత్రూములోకి వెళ్తాయి. అంచేత ప్రస్తుతానికి సగం నమస్కారం పంపిస్తున్నాను. మిగతా సగం మలికిపురం వచ్చినప్పుడు.

"వాడు హైదరాబాదులో ఏం చేస్తున్నాడురా?" అని నువ్వడిగితే నాన్న "కంప్యూటరు" అని ఊరుకున్నాడట. పాపం, ఆయనకి అంతకంటే తెలీదు. నీకు అసలు సంగతి చెప్తాను, నవ్వకూడదు. నేను తుపాకులు చేస్తున్నాను.

కంగారుపడకు. కంప్యూటరు ఆటల్లో వాడుకునే బొమ్మ తుపాకులు. ఎవరో విదేశీ కంపెనీవాళ్ళు ఓ పెద్ద ఆట తయారుచేస్తున్నారు. అందులో సామాన్లన్నీ మా ఆఫీసులో చేయిస్తున్నారు. ఆట పేరు బయటికి చెప్పనని సంతకం పెట్టాను, అది అడక్కు. కథ మాత్రం చెప్తాను. బాంబులు పడి లోకం అంతమైపోయింది. మిగిలిన కాసినిమందీ శిథిలాల్లో తిరుగుతుంటారు. తమాషా ఏంటంటే, ఆ పోయిన లోకం మన లోకం కాదు. యాభై ఏళ్ళ కిందటివాళ్ళు "ముందు ముందు ఇలా ఉంటుంది" అని కలగన్న లోకం. సెల్‌ఫోన్లు ఉండవు. ఏది చూసినా లోపల ఎర్రగా వెలిగే పాత రేడియో వాల్వులే. కార్లకి విమానం తోకలు. ఇంటికో అణుపొయ్యి. బీరువా అంత రోబోటు వచ్చి వంగి వంగి కాఫీ ఇస్తుంది. రాజోలులో మావయ్య రేడియో షాపు ఉండేది చూశావూ, అదే పెరిగి పెరిగి దేశమంతా అయిపోయి, దాని మీద బాంబు పడిందనుకో. అంతే మా ఆట.

అలాంటి చోట బతికి బయటపడ్డవాడు దొరికిన తుక్కుతో చేసుకున్న ఆయుధం ఎలా ఉంటుందో అలా చెయ్యాలి నేను. ఇప్పటికి రెండు చేశాను. మా పైఆఫీసరు మాణిక్యాలరావుగారు రెండూ తిప్పికొట్టారు. "బాగుందయ్యా. ఏ కొట్లో కొన్నాడు? లోకమే పోయాక ఇంకా కొట్లెక్కడివి? దీన్ని చేసినవాడెవడు, ఏ ముక్క ఏ సామానులోంచి పీకాడు, ముందు అది చెప్పు" అంటారు. నాకేం తెలుసు? నా చేత్తో నేను సైకిలు చైను కూడా వేసుకోలేను.

దసరా వరకూ నన్ను పరీక్షకి పెట్టారు. ఆ లోపు నేను చేసింది ఒక్కటైనా ఆటలోకి వెళ్ళాలి. లేకపోతే పెట్టె సర్దుకోవడమే. నాతో చేరినవాడు ఇప్పటికే సర్దుకున్నాడు. అందుకే ఈ ఉత్తరం. మావయ్య దగ్గరున్న పాత సామాన్లు ఎలా ఉంటాయో, దేన్ని దేనికి తగిలిస్తాడో ఆయన్ని అడిగి రాయి.

మాగాయ పెట్టావా? ఊరికే అడిగాను.

నీ సగం నమస్కారం మేనల్లుడు,
గోపీకృష్ణ


మలికిపురం
2 జూలై 2003

ఒరేయ్ గోపీ,

దీవెనలు. పూర్తి దీవెనలే పంపిస్తున్నాను, మా ఇంట్లో జాగాకి లోటు లేదు.

నీ ఉత్తరంలో అన్నీ బావున్నాయి, "ఆయన్ని అడిగి రాయి" అన్న ఒక్క ముక్క తప్ప. ఆ మనిషితో నాకు మాటల్లేవు. ఉగాది వెళ్ళిన దగ్గర్నుంచీ లేవు. కాఫీ గ్లాసు గడప మీద పెట్టి "కావలసినవాళ్ళు తాగొచ్చు" అని పిల్లితో చెప్తున్నాను. ఆయనా పిల్లితోనే "పంచదార తగ్గిందని చెప్పవే" అంటున్నాడు. మా ఇద్దరి మధ్యా పడలేక పిల్లి పక్కింటి దీనమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు గోడతో చెప్పుకుంటున్నాం.

ఎందుకో చెప్తాను, నువ్వే న్యాయం చెప్పు. నా రాగి బాయిలరు గుర్తుందా? చిన్నప్పుడు దాని పక్కన నిలబడి "రాకెట్టు రాకెట్టు" అని గంతులేసేవాడివి. మధ్యలో పొగగొట్టం, అందులో కొబ్బరి డొక్కలు పడేస్తే క్షణంలో నీళ్ళు సలసలా కాగేవి. మా అమ్మ, అంటే మీ నాన్నమ్మ మహాలక్ష్మమ్మ, నా సారెలో పెట్టిన బాయిలరు అది. దాని పొట్ట మీద అమ్మ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించింది. ఆ పేరులో ఓ తమాషా ఉంది, అది మా అమ్మకీ నాకూ తప్ప మూడోవాళ్ళకి పట్టలేదు. పొద్దున్నే నీళ్ళు తోడుకుంటూ ఆ పేరు మీద చెయ్యి వేస్తే మా అమ్మ పలకరించినట్టే ఉండేదిరా నాకు. అమ్మ ఫోటో ఒక్కటీ లేదు మనింట్లో, ఆవిడ తీయించుకోలేదు. నాకు మిగిలింది ఆ పేరే.

అడుగు కాస్త కారుతోంది, మాటు వేయించమని ఏడాదిగా మొత్తుకుంటున్నాను. నేను అప్పనపల్లి వెళ్ళొచ్చేసరికి మాటు వెయ్యలేదు సరికదా, బాయిలరుని నిలువునా కోసేసేడు! రొయ్యల చెరువు మీద నీటికాకులు వాలుతున్నాయట. వాటిని అదరగొట్టడానికి ఫిరంగి కావాలట. ఫిరంగి! మనమేమైనా ఫ్రెంచివాళ్ళమా?

దాని అందం కూడా చెప్తాను విను. నా బాయిలరు పొగగొట్టం దానికి నోరు. పొట్ట రాగి అంతా చుట్టి వెనకాల గుండ్రంగా బిగించేడు. మందు కొట్టే పంపు పిడి తగిలించేడు. లోపల కార్బైడట, ఏదో రాయి వేసి నీళ్ళు పోస్తాడు, అది బుసబుసలాడి గ్యాసు వదుల్తుంది, దానికి నిప్పు తగిలిస్తే ఢామ్మంటుంది. పాత రేడియో ముఖం ఊడదీసి పక్కన పెట్టేడు, ముల్లుతో సహా. అందులో ఢిల్లీ, సిలోనూ ఉండేవి కదా, వాటి మీద కాయితాలు అంటించి రాజోలు, అమలాపురం, లండను అని రాసుకున్నాడు. ముల్లు రాజోలు మీద పెడితే చప్పుడు రాజోలు దాకా వినపడుతుందట. లండను మీద పెట్టి ఒక్కసారి పేల్చేడు, దీనమ్మ కోళ్ళు రెండ్రోజులు గుడ్లు పెట్టలేదు. అన్నట్టు, పేల్చేముందు టింగుటింగుమని సైకిలు బెల్లు కొడతాడు, దారిన పోయేవాళ్ళు తప్పుకోవాలి కదా. మహా మర్యాదస్తుడు! కట్టుకున్నదాని బాయిలరు కోసేటప్పుడు ఆ మర్యాద ఏమైందో.

ఇంట్లో అన్నం తినడం, చెరువు గట్టుకి పోయి దాన్ని తుడుచుకుంటూ కూచోవడం. దానికి కొత్త దుప్పటి కూడా కప్పేడు. నాకు ఒళ్ళు మండి దానికి "నా సవితి" అని పేరు పెట్టేను. ఇప్పటిదాకా దాని మొహం చూళ్ళేదు, చూడను కూడా. అమ్మ పేరు ఏ ముక్కలో సగం, ఏ ముక్కలో సగం అయిందో తల్చుకుంటేనే ఏడుపొస్తోంది.

మీ ఆటలో లోకం పోవడం సంగతి నాకు కొత్త కాదు. తొంభయ్యారు తుఫానప్పుడు చూసేం. కొబ్బరిచెట్టన్నది నిలబడలేదు, కరెంటు లేదు, ఇంటి మీద కప్పు లేదు. అప్పుడు వీధంతటికీ అన్నం ఆ బాయిలరులోనే వండేం. మొదటిరోజు దాంట్లోనే కాఫీ పెడితే, మీ మావయ్య తాగి "ఇంక బతికేస్తాం" అన్నాడు. కాబట్టి లోకం పోయాక ముందు కావలసింది తుపాకీ కాదురా, కాఫీ. అది మీ మాణిక్యాలరావుగారితో నా మాటగా చెప్పు.

మాగాయ పెట్టేను. నువ్వు ఎవరి పక్షమో తేలేక పంపిస్తాను.

సవితిపోరు పడుతున్న నీ అత్త,
సూర్యకుమారి


(పోస్టుకార్డు)
హైదరాబాదు
10 జూలై 2003

అత్తా,

ఆఫీసులోనే కూచుని గబగబా రాస్తున్నాను. ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ నీ సవితి నా బుర్రలోంచి పోవడం లేదు. నిద్ర పట్టడం లేదు. మావయ్య అదృష్టవంతుడు! ఫోటోలు వెంటనే కావాలి. ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి. మీద కప్పిన దుప్పటి తీసేసి తియ్యమను. మా ఆఫీసులో అందరూ చూడాలని సరదా పడుతున్నారు. మావయ్యకి అభ్యంతరం లేకపోతే నేనే వచ్చి కొన్నాళ్ళు ఇక్కడికి తెచ్చుకుంటాను.

గోపీ


మలికిపురం
19 జూలై 2003

ఏరా బుద్ధిమంతుడా,

కార్డు మీద రాస్తావా? కార్డు మీద! ఆ సంగతి రాయడానికి నీకు కవరు దొరకలేదూ?

ఆ వేళ నేను ఇంట్లో లేను, రాజోలు వెళ్ళేను. పోస్టుమాను యాకోబు కార్డు తెచ్చి, తలుపు తాళం చూసి, దీనమ్మ చేతికిచ్చేడు. దీనమ్మ మంచిదే, కానీ చేతిలో అక్షరం పడితే చదవకుండా ఉండలేదు. చదివింది. నేను బస్సు దిగి వచ్చేసరికి మా అరుగు మీద ఆడవాళ్ళు బారులు తీరి కూచున్నారు. నన్ను చూడగానే దీనమ్మ లేచి వచ్చి కావలించుకుని భోరుమంది. "ఎన్నాళ్ళనుంచి దిగమింగుకుంటున్నావమ్మా! మాకొక్క ముక్క చెప్పకపోయేవా!" అంది. నేను బాయిలరు గురించే అనుకున్నాను. ఇన్నాళ్ళకి నా బాధ అర్థమైనవాళ్ళు దొరికేరని నేనూ ఏడ్చేను. ఇద్దరం చాలాసేపు ఏడ్చేం. ఆ ఏడుపు చూసి మిగతావాళ్ళకి అనుమానం కూడా లేకుండా పోయింది.

ఈలోగా ఎవరో ముక్తేశ్వరం ఫోను చేసేరు. మీ మావయ్య అన్నగారు, మా బావగారు వీరబాబుగారు ఉన్నపళంగా బస్సెక్కి దిగిపోయేరు. మీ మావయ్య అప్పుడే చెరువు దగ్గర్నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. నేను తలుపు వెనకనుంచి విన్నాను, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఏరా సత్తిరాజూ, ఊరంతా అనుకుంటున్నది నిజమేనా? తెచ్చి పెట్టేవా?"

"తేవడమేంటన్నయ్యా. నేనే చేసుకున్నాను."

"చేసుకున్నావా! ఎప్పుడు?"

"ఉగాది వెళ్ళేక."

"ఎక్కడ ఉంచేవు?"

"చెరువు గట్టు మీద పాకలో. ఇంట్లో ఉంచితే ఈవిడ ఒప్పుకుంటుందా?"

"అయితే అమ్మాయికి తెలుసన్నమాట!"

"తెలుసు. అందుకే కదా మాటల్లేవు."

"ఛీ, సిగ్గులేదురా నీకు, ఈ వయసులో!"

"వయసుకీ దీనికీ ఏం సంబంధం అన్నయ్యా? ఆ మాటకొస్తే నువ్వూ ఒకటి చేసుకో. ముక్తేశ్వరంలో నీ తోటకి కోతులు వస్తున్నాయన్నావు కదా."

బావగారు అరుగు మీద చతికిలబడిపోయి మంచినీళ్ళు అడిగేరు. నాకు లోపల నవ్వు ఆగడం లేదు. అలాగని బయటికొచ్చి చెప్తే మీ మావయ్యతో మాట్లాడినట్టవుతుంది. అంచేత తలుపు చాటునుంచే గోడతో, "ఆ చేసుకున్నదేదో అందరికీ చూపించమని చెప్పవే" అన్నాను. ఊరంతా చెరువు దగ్గరికి కదిలింది. నేను వెళ్ళలేదు. ఇంట్లో కూచుని విన్నాను. ముందు టింగుటింగుమంది. తరవాత లండను మీద పెట్టేడు కాబోలు, మా వంటింట్లో చెంచాలు కింద పడ్డాయి. బావగారు తిరిగి వచ్చేటప్పుడు ఆయన కండువా నీటికాకి ఎత్తుకుపోయినట్టుగా వచ్చేరు, అంటే కండువా లేకుండా. గబగబా భోంచేసి వెళ్ళేరు.

ఇప్పుడు ఊళ్ళో నా మొహం చూసి నవ్వనివాళ్ళు లేరు. అంతా నీ పుణ్యం.

ఇంక ఫోటోల సంగతి. నువ్వు అడిగేవన్న సంబరం పట్టలేక మీ మావయ్య దాన్ని రిక్షాలో ఎక్కించుకుని స్టూడియోకి తీసుకెళ్ళేడు. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్నెప్పుడూ తీసుకెళ్ళలేదు, రాసుకో. ఫోటోల కవరు గడప మీద పెట్టేడు. నేను విప్పి చూళ్ళేదు. దీనమ్మ చేత ఇందులో పెట్టించి పంపిస్తున్నాను.

నీ ఉద్యోగం కోసం పంపిస్తున్నాను. ఆ మనిషిని క్షమించేనని అనుకోకు.

ఊరందరికీ లోకువైన నీ అత్త,
సూర్యకుమారి


హైదరాబాదు
30 జూలై 2003

అత్తా,

ఈసారి పూర్తి సాష్టాంగం. వరండాలోకి వెళ్ళి మరీ పెట్టాను. పక్కగదివాడు నాకు కళ్ళు తిరిగాయనుకుని నీళ్ళు చల్లాడు.

కార్డు విషయం నాన్నకి తెలిసి ఫోనులో చెడామడా తిట్టి, చివర్లో తనే నవ్వాడు. నేను మాత్రం సిగ్గుతో చచ్చిపోతున్నాను. దీనమ్మగారికి నా క్షమాపణలు చెప్పు. కోళ్ళకి కూడా.

ఫోటోలు అందాయి. స్టూడియో ఆయన దాన్ని మంచుకొండల తెర ముందు ఎర్ర స్టూలు మీద కూచోబెట్టాడు. పక్కన ప్లాస్టిక్ గులాబీలు. ఒక ఫోటోలో మెళ్ళో దండ కూడా ఉంది. మాణిక్యాలరావుగారు చూసి కుర్చీలోంచి లేచారు. "ఇదయ్యా! ఇది కొట్లో కొన్నది కాదు, దీనికో ఇల్లుంది. ఈ పనివాడెవడు?" అన్నారు. మా మావయ్య అన్నాను. "మరి ఈ రాగి ఎక్కడిది?" అన్నారు. మా అత్తది అన్నాను. "పాపం" అన్నారు. ఆయనకీ పెళ్ళయింది.

నీ కాఫీ మాట కూడా చెప్పాను. రాసి గోడకి అంటించారు.

ఇప్పుడు ఫోటోల్ని పెద్దవి చేసి చూస్తూ ప్రతి ముక్కా కంప్యూటర్లో తయారుచేస్తున్నాను. గీతలు, సొట్టలు, మసి అన్నీ అలాగే దించాలి. నిన్న వెనకవైపు ఫోటో పెద్దది చేశాను. పేల్చే మనిషి మొహానికి ఎదురుగా గుండ్రటి రాగిరేకు ఉంది. మిగతా రాగంతా నల్లబడింది, ఆ ఒక్క రేకు మాత్రం తోమి తోమి అద్దంలా ఉంది. దాని మీద చుక్కలు. ఇంకా పెద్దది చేశాను. అత్తా, అది నాన్నమ్మ పేరు. ముక్కలు కాలేదు. ఒక్క అక్షరం కూడా తెగలేదు.

కానీ వెంటనే ఆశ పెట్టేసుకోకు. నాకో అనుమానం ఉంది, దాచకుండా చెప్తాను. ఆ పేరు తప్పుగా ఉంది. క్ష కింద ఉండాల్సిన మ వత్తు లేదు. "మహాలక్షమ్మ" అని ఉంది. నాన్నమ్మ అంత దగ్గరుండి కొట్టించిన పేరులో తప్పెలా ఉంటుంది? పాతది కోతలో పోయి ఉంటుంది, నిన్ను మంచి చేసుకోవడానికి మావయ్య కొత్తగా ఎవరిచేతో కొట్టించాడేమో. ఆయన రేడియో మీది ఇంగ్లీషు చదవగలడు కానీ తెలుగు వత్తులు ఆయనకి ఎప్పుడూ చుట్టాలు కావు. నువ్వు వెళ్ళి చూసి మోసపోయి బాధపడతావని ముందే రాస్తున్నాను.

ఆటలో మాత్రం తప్పు ఉంచను. కంప్యూటర్లో ఆ వత్తు నేనే దిద్దేస్తాను. నాన్నమ్మ పేరు సరిగ్గా ఉండాలి కదా.

నీ పక్షమే అయిన మేనల్లుడు,
గోపీ


మలికిపురం
6 ఆగస్టు 2003

గోపీ,

దిద్దకు. చెయ్యి పెట్టేవంటే కాళ్ళు విరగ్గొడతాను. మిగతాది చదివేముందు లేచి వెళ్ళి, దిద్దేసి ఉంటే చెరిపేసి రా.

వచ్చేవా? ఇంక విను. నా పెళ్ళికి అమ్మా నేనూ అమలాపురంలో గిన్నెల కొట్టుకి వెళ్ళేం. బాయిలరు బేరం అయ్యేక పేర్లు కొట్టే ఆయన "ఏ పేరండీ?" అన్నాడు. నా పేరు కొట్టమంటుందనుకున్నాను. అమ్మ సిగ్గుపడుతూ తన పేరు చెప్పింది. "నీ పేరు పిలవడానికి అక్కడ అందరూ ఉంటారు, నా పేరు పిలిచేవాళ్ళెవరు?" అంది. ఆయన టకటకా కొట్టేసేడు. నేను ఎనిమిది చదివినదాన్ని కదా, చూడగానే మ వత్తు లేదని పట్టేసేను. దిద్దమని అడగబోతే అమ్మ నా చెయ్యి గిల్లి, "ఊరుకోవే, మనింటికి లక్ష్మి పూర్తిగా ఎప్పుడొచ్చింది గనక!" అంది. ఇద్దరం బస్సులో ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాం. అదీ తమాషా. మా ఇద్దరికే తెలుసన్నాను చూడు, అదే. ఎవరైనా కొత్తగా కొట్టిస్తే సరిగ్గానే కొట్టిస్తారు. వత్తు లేదంటే అది మా అమ్మేరా.

నీ ఉత్తరం అక్కడే పడేసి చెరువు గట్టుకి వెళ్ళేను. చెప్పులేసుకోవడం కూడా మర్చిపోయేను. దీనమ్మ "ఏమైందమ్మా?" అంటూ కొంతదూరం వెంట వచ్చింది, సవితిని కొట్టడానికి వెళ్తున్నాననుకుని చూడ్డానికి. మీ మావయ్య పాక ముందు రొయ్యల మేత కలుపుతున్నాడు. నన్ను చూసి లేచి, దానికీ నాకూ మధ్య నిలబడ్డాడు. పక్కకి తోసేసేను. దుప్పటి లాగేసేను. వెనక్కి వెళ్ళి చూసేను.

ఉంది. చుట్టూరా అంత వదిలి కోసేడు. అంచులు గీసుకోకుండా నున్నగా రాసేడు. చెయ్యి వేసేను. ఎండకి వెచ్చగా ఉంది, పొద్దున్న నీళ్ళు కాగినప్పుడు ఉండేట్టే. అక్కడే కూలబడి ఏడ్చేసేను. చెప్పుకోడానికి సిగ్గేం లేదు, గట్టిగానే ఏడ్చేను.

"మరి చెప్పి చావచ్చు కదా!" అన్నాను. నాలుగు నెలల తరవాత మొదటి మాట అది.

"మాట్లాడితే కదా చెప్పడం. పిల్లితో రెండుసార్లు చెప్పేను" అన్నాడు.

"పేరు వెనకెందుకు పెట్టేరు?"

"ముందు పెడితే పొగ కొడుతుంది. పెద్దావిడ కదా. వెనకైతే పేల్చినప్పుడల్లా దణ్ణం పెట్టుకోవచ్చని."

"అందులో తప్పుందని చూసేరా?"

"తప్పా? ఏం తప్పు? బాగానే ఉంది కదా!" అన్నాడు. చెప్పలేదు. అది ఇప్పటికీ ఆయనకి తెలీదు. మా అమ్మదీ నాదీ, ఇప్పుడు నీది. అంతే, ముగ్గురు చాలు.

ఒకటి మాత్రం తెలుసుకో. బాయిలరు కోసిన కోపం నాకు పోలేదు. పొద్దున్నే స్టవ్వు మీద నీళ్ళు కాచుకుంటుంటే ఇంకా మండుతోంది. పేరు దక్కింది కాబట్టి మాటలు కలిపేను, అంతే. పిల్లి కూడా తిరిగొచ్చింది. మాగాయ జాడీ మీ ఊరు వచ్చేవాళ్ళతో పంపిస్తున్నాను, గట్టిగా మూత పెట్టేను, జాగ్రత్తగా తియ్యి.

మాటలు కలిపిన నీ అత్త,
సూర్యకుమారి


హైదరాబాదు
10 అక్టోబరు 2003

అత్తా,

దసరా వెళ్ళింది, నేను వెళ్ళలేదు. ఉద్యోగం ఖాయం చేశారు!

అప్పటికే వత్తు దిద్దేసి ఉన్నాను. నువ్వు చెప్పినట్టే చదవడం ఆపి, లేచి వెళ్ళి చెరిపేసి వచ్చి, అప్పుడు మిగతా ఉత్తరం చదివాను. చదివి నేనూ కాసేపు బయట తిరిగి వచ్చాను.

విదేశీవాళ్ళకి చాలా నచ్చింది. లండను చూసి పడీపడీ నవ్వారట. ఒక్క సైకిలు బెల్లు దగ్గర మాత్రం పేచీ పెట్టారు. శత్రువుని చంపేముందు గంట కొట్టే ఆయుధం ఎక్కడైనా ఉంటుందా, తీసెయ్యండి అన్నారు. ఫోనులో నేనే మాట్లాడాల్సొచ్చింది. నా ఇంగ్లీషు నీకు తెలుసు కదా. "మా వైపు అండీ అనకుండా ఎవర్నీ కొట్టం సార్" అన్న దాన్ని ఎలాగో చెప్పాను. తరవాత బెల్లు ఉంచెయ్యమన్నారు. బెల్లు కొడితేనే పేలేట్టు కూడా చేశారు.

ఆ చుక్కలేంటని అడిగారు. చేసినవాళ్ళ ఇంటి పెద్దావిడ పేరన్నాను. అలాగే ఉంచమన్నారు. స్పెల్లింగు సరిచూశావా అని అడిగితే, చూశానండి, కరెక్టు అన్నాను.

ఇంకొకటి చెప్తే తిట్టకూడదు. కంప్యూటర్లో దాచుకునేటప్పుడు దానికి నేను "సవితి" అని పేరు పెట్టుకున్నాను. వాళ్ళు అదే దాని పేరనుకుని ఆటలో కూడా ఆ పేరే ఉంచేశారు. ఇంక మార్చడానికి లేదు.

నీ పర్మినెంటు మేనల్లుడు,
గోపీ


మలికిపురం
22 మే 2005

ఒరేయ్ గోపీ,

నువ్వు పంపిన ఆట చేరింది. మాకు కంప్యూటరెక్కడిది? నేనూ మీ మావయ్యా రాజోలులో నెట్ సెంటరుకి పట్టుకెళ్ళేం. వెళ్తూ దీనమ్మనీ తీసుకెళ్ళేం, మొదట్నుంచీ ఉన్న మనిషి కదా. అక్కడి అబ్బాయి మమ్మల్ని చూసి "పరీక్షా ఫలితాలాండీ?" అన్నాడు. "కాదండి, తుపాకులాట" అన్నాను. "ఆయ్" అని కుర్చీలు తుడిచి వేసేడు.

లోకం ఎంత పాడైపోయిందిరా! ఇళ్ళన్నీ కూలిపోయి, కార్లన్నీ తుప్పు పట్టి, మొండి చెట్లు. అచ్చం తుఫాను మర్నాడు మన వీధి. మీ మావయ్యకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. "అదిగో వాల్వు, అదిగో డయలు, ఆ స్పీకరు చూడు" అంటూ తెర మీద వేలు పెట్టి చూపించడమే. నేను వంటిల్లెక్కడా అని వెతికేను. ఒకటి దొరికింది, అందులో కాఫీ లేదు. మాణిక్యాలరావుగారికి గుర్తు చెయ్యి.

ఆ అబ్బాయి ఎక్కడెక్కడో తిప్పి, ఓ పాడుబడ్డ కొట్టంలోకి తీసుకెళ్ళేడు. అక్కడ బల్ల మీద ఉంది నా సవితి. పైన ఇంగ్లీషులో పేరు. మీ మావయ్య కూడబలుక్కుని చదివి, కిసుక్కున నవ్వి, నేను చూసేసరికి దగ్గేడు. "దీన్ని తీసుకోమంటారాండీ?" అన్నాడు అబ్బాయి. "మాదే కదా, తీసుకో" అన్నాను. తీసుకోగానే దాని వెనకవైపు తెరనిండా వచ్చింది.

అమ్మ పేరు. చుక్క చుక్కా ఉంది. వత్తు లేదు.

నా పేరు పిలిచేవాళ్ళెవరు అంది చూడు అమ్మ, ఆ రోజు కొట్లో. ఆ మాటే గుర్తొచ్చింది. లోకమంతా పోయింది, దేశాలు పోయేయి, మా అమ్మ మిగిలింది, ఆ తప్పుతో సహా. కళ్ళు తుడుచుకుంటే మీ మావయ్య ఏంటన్నాడు. దుమ్మన్నాను. దీనమ్మ ఆ పేరుని కూడబలుక్కుని పైకే చదివింది, "మహాలచ్చమ్మ" అని. దానికి వత్తు ఉన్నా లేకపోయినా ఒకటే. పక్క కుర్చీల్లో ఆడుకుంటున్నవాళ్ళు కూడా తొంగిచూసి, అదేంటండీ అని అడిగి, పైకి చదివేరు. అమ్మ పేరు ఎవరో పైకి పిలవగా విని ఎన్నేళ్ళయిందో.

తరవాత నన్ను ఆడమన్నారు. నాకు తెలీదంటే వినరే. ముల్లు లండను మీద పెట్టుకుని, ఓ సందులోంచి వెళ్తున్నాను. ఎదురుగా ఎవడో చింపిరి జుట్టువాడు గొడ్డలి పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చేడు. "కొట్టండి, కొట్టండి!" అని వెనకనుంచి అందరూ అరుపులు. నేను ముందు బెల్లు కొట్టేను. టింగుటింగుమంది. ఈలోగా వాడు వచ్చి నన్ను నరికేసేడు.

అబ్బాయి బాధపడ్డాడు. "బెల్లు ముందే కొట్టుకుని ఉంచుకోవాలండీ, మనిషి కనబడ్డాక కొడితే లాభం లేదు" అన్నాడు. అదెలా కుదురుతుంది? మనిషి కనబడకుండా ఎవరికని కొడతాం?

ఇంకోసారి ఆడేను. ఇంకోసారీ కొట్టేను, ఇంకోసారీ చచ్చేను. ఎన్నిసార్లు చంపినా సరే గోపీ, చెప్పకుండా మాత్రం కొట్టను. ఆ తుపాకీ మీద మా అమ్మ పేరుంది.

నీ అత్త,
సూర్యకుమారి